గంజు అనే ఓడ

నిస్సీ పనిచేసే ఆన్‌లైన్ సెంటర్ ఖేడ్ బస్టాండుకు ఎదురుంగనే ఉంటది. పొద్దుందాక ఆధార్ కార్డుల తప్పులు దిద్దుడు, భూముల పహాణీ నకళ్లు తీసుడు, పరీక్షల ఫారాలు నింపుడు. సాయంత్రం ఆరు కొట్టంగనే ఇంటికొచ్చి, పొయ్యి మీద ఇంత బియ్యం పడేసి, అమ్మ మంచం కాళ్ల దిక్కు కూసొని ల్యాప్‌టాప్ తెరుస్తది. తెరిచి, చుక్కల నడుమ యుద్ధానికి పోతది. నవ్వకుండ్రి, ఉన్నమాటే చెప్తున్న.

మంచం కాడనే ఎందుకంటే, ఆ ఇంట్ల సక్కగ పనిచేసే ప్లగ్గు అదొక్కటే. ఇంకో సంగతి సుత ఉంది గని నిస్సీ దాన్ని పైకి చెప్పదు. అమ్మ పొద్దుమూకులు గోడ దిక్కు మొఖం పెట్టి పండుకుంటది. ఆ వీపు ఎనుక ఎవలో ఒకలు ఉండాలె గదా.

అమ్మ పేరు హన్నమ్మ. యాభై రెండేండ్లు. ఈ ఏడు జనవరిల పడి నడుమెముక విరిగింది. పెద్ద దవాఖానల ఆపరేషన్ చేసిండ్రు. ఆఖరిసారి పోయినప్పుడు డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పెట్టి చూసి, "ఎముక అతికింది, కాళ్లలో బలం ఉంది. కానీ మూడు నెలల్లో లేచి నడవకపోతే కండ కరిగిపోతుంది. తర్వాత లేవాలనుకున్నా లేవలేదు" అని తేల్చి చెప్పిండు. ఆ మూడు నెలలల్ల రెండున్నర అయిపోయినయ్. కొత్త వాకర్ గోడకు ఆనిచ్చినది ఆనిచ్చినట్టే ఉంది, దాని మీద తువ్వాలలు ఆరేస్తున్నరు. దినాం పొద్దుగాల్ల నిస్సీ, "లేద్దామా అమ్మా?" అంటది. "రేపు చూద్దాం తియ్" అంటది హన్నమ్మ. ఇంకా పదిహేను రోజులే ఉండె.

అసలు హన్నమ్మ అంటే ఏమనుకున్నరు? ఉత్తగ మంచంల పండుకునే మనిషా? కోత పండుగ వచ్చిందంటే చర్చి ఎనుక మూడు పెద్ద పొయ్యిలు తవ్వుతరు. మనూర్ దిక్కుకెల్లి, నాగల్‌గిద్ద దిక్కుకెల్లి జనం కంది బస్తాలు, జొన్న కంకులు కానుకలేసుకొని ట్రాక్టర్ల మీద దిగుతరు. నాలుగు వందల మందికి తక్కువుండరు. ఇరవై రెండేండ్లు వాళ్లందరికి బువ్వ వండి పెట్టింది హన్నమ్మ. కాయితం లేదు, కలం లేదు. వచ్చిన ట్రాక్టర్ల దిక్కు ఒకసారి చూస్తది, బియ్యంల చెయ్యి పెడ్తది, "ఇంకో బస్తా ఇప్పుండ్రి" అంటది. అంతే, అయిపోయె. ఒక్క ఏడు తక్కువ పడింది లేదు, పారబోసింది లేదు. పెనిమిటి థామస్ ఆర్టీసీ డ్రైవర్. నిస్సీ తొమ్మిదో తరగతిల ఉండంగ గుండె ఆగి పోయిండు. ఆ ఏడు సుత హన్నమ్మ కండ్లు తుడుసుకుంట పొయ్యి కాడ నిలవడ్డది గని ఇంట్ల కూసోలే. కూలికి పోయి పిల్లను డిగ్రీ దాక చదివించింది.

ఆ పొయ్యి కాడనే పడ్డది. పప్పు నిండిన గంజును, గంజంటే మా దిక్కు పెద్ద వంటగిన్నె, కట్టెకు ఏలాడదీసి ముందల హన్నమ్మ, ఎనుక శివమ్మ మోసుకొస్తుండ్రు. శివమ్మ పక్కింటామె, ఆమెది గుడి, ఈమెది చర్చి, అయినా కోత పండుగ పొయ్యి కాడ ఇద్దరిది ఒకటే జంట. తడి బండ మీద హన్నమ్మ కాలు జారింది. ఎల్లకిల పడ్డది. దేవుని దయ, పప్పు ఎవల మీద పడలే గని గంజు మొత్తం నేలపాలాయె. రెండో బంతికి కూసున్న జనం ఇస్తరాకుల ముందల ఉత్త బువ్వ పెట్టుకొని చూస్తుండ్రు. ఆటోల పండవెడ్తుంటే హన్నమ్మ నడుము నొస్తుందని అనలే. "ఆళ్లకు పప్పు లేకపాయెనే" అని ఏడ్చింది.

అంతటితోని పోతే మంచిగుండు. ఎండాకాలం చర్చిల మూడు రోజుల కూటాలు పెట్టిండ్రు. ఈసారి వంటకు కేటరింగోళ్లను పిలిచిండ్రు. చూసొచ్చినోళ్లు హన్నమ్మకు ధైర్యం చెప్దామని, "నువ్వేం ఫికర్ చేయకు, అంతా మస్తుగ నడిచింది" అన్నరు. మంచికే అన్నరు పాపం. ఆ పొద్దే హన్నమ్మ గోడ దిక్కు తిరిగింది. "నేను లేకున్నా నడిచింది గద బిడ్డా, ఇగ నాతోని ఎవలకేం పని?" అన్నది నిస్సీతోని.

ఇగ నిస్సీ యుద్ధం సంగతి. అది కంప్యూటర్ ఆట. ఆడేటోళ్లు ఒక్కొక్కలు కొన్ని చుక్కలకు రాజులు. ఓడలు కట్టుకోవాలె, పక్కోని చుక్కల మీదికి పోవాలె, కొట్లాడాలె. నిస్సీ డిగ్రీల ఉన్నప్పటికెల్లి ఆడుతది. అయితె దాంట్ల ఒక్కటి ఆమెకు అస్సలు నచ్చకపోయేది. ఎంత దూరం పోయినా ఆ ఓడలకు ఇంధనం అయిపోదు, గుండ్లు అయిపోవు, లోపట ఉన్నోళ్లకు ఆకలి కాదు. పొయ్యి కాడ పెరిగిన పిల్ల కదా, ఎట్ల ఓర్చుకుంటది? "ఏందిది, వీళ్లకు ఎవలు పెడుతుండ్రు?" అని తానే మార్చ వట్టింది. గిట్ల ఒకలు చేసిన ఆట లోపటికి పోయి, దాని నియమాలు మన సొంతంగ మార్చుకునుడును మాడ్ అంటరు. నిస్సీ మాడ్‌ల ఓడలకు ఆకలైతది. అందుకని సరుకు మోసే ఓడలు చేసింది. అన్నిటికంటె పెద్దదానికి గంజు అని పేరు పెట్టింది. గంజు కాడ నింపుకొని ముందల ఓడలకు పంచే చిన్నయి బకీటలు, వడ్డించే బకెట్లన్నట్టు. ఇంగ్లీష్ అక్షరాలల్లనే రాసింది గని పేర్లు మాత్రం మనవే.

పేర్లు బాగనే ఉన్నయ్ గని మాడ్ నడుస్తలేదు. ఎన్నిసార్లు ఆడి చూసినా ఏడో చుక్క దాటంగనే దండు నడుమల ఆగిపోతది, శత్రువులు వచ్చి ఒక్కొక్క ఓడను నిమ్మళంగ పట్టి కొడ్తరు. బకీటలు పెంచింది. గుండ్లు పెంచింది. లాభం లేదు. ఒకనాడు ఇసుగొచ్చి, "థూ, మళ్ల సచ్చిండ్రు!" అని మూత టప్పున ఏసింది.

"ఎవలే సచ్చింది?"

నిస్సీ ఉలిక్కిపడ్డది. అమ్మ గోడ దిక్కే ఉంది గని అడిగింది అమ్మనే. ఎన్ని దినాలకు తనంత తాను ఒక మాట అడిగింది!

"నా ఓడలమ్మా. ఆటల. సరుకు అందక ఆగిపోయినయ్."

"మోసే బండ్లు లేవా?"

"మస్తున్నయ్."

"ఏ దిక్కుకెల్లి వడ్డిస్తున్నవ్?"

నిస్సీ మళ్ల తెరిచి చూసింది. బకీటలన్నీ ఎనుకకెల్లే బయలెల్లి ముందటికి పోతున్నయ్. అదే చెప్పింది.

"ఒక్క దిక్కుకెల్లి వడ్డిస్తే ఆఖరి ఆకు కాడికి పొయ్యేసరికి బకీటల అడుగు కనవడ్తది" అన్నది హన్నమ్మ. "ఇగ జనం ఊకుంటరా? లేచి గంజు మీద వడ్తరు. రెండు దిక్కులకెల్లి రావాలె బిడ్డా. నడుమల కలుసుకోవాలె."

మూడు దినాలు కూసొని నిస్సీ గట్లనే రాసింది. దండు తొమ్మిదో చుక్క దాక పోయింది. అది చూపెడ్తనన్న సాకుతోని, "అమ్మా, ఒక్కసారి ఇటు తిరుగు" అన్నది. హన్నమ్మ మూల్గుకుంట తిరిగింది. తెర మీద నల్లటి ఆకాశం, దాంట్ల మెరిసే చుక్కలు, చీమల బారు లెక్క ఓడలు. కొద్దిసేపు చూసి మొఖం అదోతీరుగ పెట్టింది.

"అందరు ఒక్కపారే కొట్లాడుతున్నరేందే? అందరు ఒక్కపారే తింటరా? మొదటి బంతి లేచినంకనే గద రెండో బంతి కూసునేది."

గంతే, యుద్ధం సుత బంతులయింది. ఒక వరుస కొట్లాడుతుంటే ఇంకో వరుస ఎనుకకొచ్చి నింపుకుంటది, అది నిండంగనే ఇది జరుగుతది. ఇంకొకనాడు దెబ్బతిన్న ఓడ ఒకటి బంతిలనే నిలవడి కాలిపోతుంటే హన్నమ్మకు కోపమొచ్చింది. "ఎండకు కండ్లు తిరిగినోన్ని బంతిలనే కూసోవెడ్తరా? నీడకు తీసుకపోరాదు!" అన్నది. దెబ్బతిన్న ఓడ దానంతట అదే ఎనుకకు మళ్లే పద్ధతి అట్ల వచ్చింది. నిస్సీ నవ్వుకుంట రాస్తది, అమ్మ కోప్పడుకుంట చూస్తది. ఎనుకకు రెండు మెత్తలు పెట్టుకొని హన్నమ్మ కూసునుడు సుత షురూ చేసింది. నిస్సీకి పానం లేచొచ్చింది. అయితె కూసునుడే గని కాలు కింద పెట్టుడు లేదు. అడిగితె మళ్ల అదే మాట, రేపు చూద్దాం తియ్. ఇంకా నాలుగు రోజులే ఉన్నయ్.

మాడ్‌ను నిస్సీ అప్పటికే ఇంటర్నెట్ల అందరికి ఇచ్చేసింది. ఎక్కడెక్కడోళ్లో తీసుకొని ఆడవట్టిండ్రు. పోర్చుగల్ దేశంకెల్లి ఒకాయన, "బంతి పద్ధతి అద్భుతం, ఇది ఏ సైన్యం యుద్ధనీతి?" అని రాసిండు. నిస్సీ చదివి చెప్తే హన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "సైన్యమా! కోత పండుగ అని రాయ్ ఆయనకు" అన్నది. అమ్మ నవ్వంగ చూసి ఎన్ని నెలలాయె! నిస్సీ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్, తెర దిక్కు మొఖం దాచుకున్నది.

గని ఆయనే ఇంకో ముచ్చట సుత రాసిండు. ఇంకా పదిమంది అదే రాసిండ్రు. యుద్ధం శానసేపు నడిస్తే గంజు ఆగిపోతుంది. శత్రువులు కొట్టకముందే, దానంతట అదే. లోపట చూస్తే సరుకు నిండుగనే ఉంటది. గంజు ఆగినంక బకీటలు ఆగుతయ్, బకీటలు ఆగినంక దండంతా పోతది.

ఆదివారం చర్చికి పోయొచ్చినంక నిస్సీ ఆ తప్పు ఎంకవట్టి కూసున్నది. పొద్దుగాల్ల పొయ్యి ముట్టించి అమ్మకు రొట్టె, పప్పు చేసి పెట్టింది, అమ్మకు తానం పోసింది, బట్టలు పిండింది, చర్చికి ఉరికింది. మధ్యాహ్నం రెండయింది. శివమ్మ రోజు లెక్కనే వచ్చి గడపల కూసొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తుంది. తెర మీద గంజు పెద్దగ కనవడ్తుంది. చుట్టూ బకీటలు వచ్చి నింపుకొని పోతున్నయ్. వస్తున్నయ్, పోతున్నయ్. చూస్తుండంగనే గంజు మెల్లగయి, మెల్లగయి, ఆగింది.

"దానికెవలు పెడుతుండ్రు?" అన్నది హన్నమ్మ.

"దేనికి?"

"గంజుకే."

"దాంట్ల నిండ సరుకుంది గదమ్మా!"

"ఉంటే? అది తిన్నదా?"

నిస్సీ తాను రాసిన నియమాన్ని తెరిచి చదివింది. గంజు దగ్గరికొచ్చిన ప్రతి ఓడకు పెట్టాలె, తనకు తప్ప. అట్లనే రాసుంది. తానే రాసింది, కావాలనే రాసింది. ఇంత సరుకు మోసేదానికి వేరేగ పెట్టుడేంది అనుకున్నది. మోసే సరుకు వేరే, దాని సొంత ట్యాంకు వేరే అని ఆమెకు తోచనే లేదు. లోకంల ఇంతమంది మాడ్‌లు రాస్తరు, గిసొంటి తప్పు ఎవలు చేస్తరు చెప్పుండ్రి?

శివమ్మ చిక్కుడుకాయలు పక్కకు పెట్టింది. ఆమెకు ఆట సమజ్ కాదు గని మాట సమజ్ అయింది.

"ఆ దినం గంజు నిండ పప్పుండె, హన్నమ్మా" అన్నది. "నీ కడుపుల ఏముండె?"

హన్నమ్మ మొఖం మళ్ల గోడ దిక్కు తిప్పింది.

"పొయ్యి కాడోళ్లు ముందుగాల తినాలె, ఆకలి మీద వండితే ఉప్పు తప్పుతదని మమ్ములందర్ని కూసోవెట్టి తినిపిస్తివి. పెద్దమనుషులు గునిగినా ఇనకపోతివి. నీ ఆకు ఏది అంటే, ఇప్పుడే తింటనే అంటివి. ముందటి దినం రాత్రికెల్లి నీ నోట్ల మెతుకు పడలే. తడి బండ మీద మేమందరం నడవలేదా? నీ కాలే ఎందుకు జారిందే? కండ్లు తిరిగే పడ్డవ్ నువ్వు. ఆ ముచ్చట నీకు ఎరుకే, నాకూ ఎరుకే."

నిస్సీకి ఈ సంగతి ఇప్పుడే తెలుస్తుంది. అమ్మ దిక్కు చూసింది.

"అందరు తినంది నాకు దిగదే" అన్నది హన్నమ్మ, ఏడుసుకుంట. "ఏం చేయాలె? అలవాటయిపాయె. నేను తినకపోవట్టికే కదా ఆ రెండో బంతోళ్ల పప్పు పోయింది. నా చేతులతోని నేనే పారబోసుకున్న. ఇగ ఏ మొఖం పెట్టుకొని లేవాలె?"

ఇదా సంగతి! ఇన్ని నెలలు ఆ గోడకు చెప్పుకున్నది ఇదా! నిస్సీ లేచి అమ్మ భుజం పట్టుకున్నది. పట్టుకున్న చెయ్యి మీద హన్నమ్మ చెయ్యి పడ్డది. పడి, ఆడనే ఆగింది. హన్నమ్మ బిడ్డ మణికట్టు చుట్టూ వేళ్లు ఏసి చూసింది. వేళ్లు కలిసి ఇంకా ఇంత మిగిలినయ్. హన్నమ్మ ఏడుపు ఆపి బిడ్డ మొఖం దిక్కు చూసింది. ఆరు నెలలల్ల మొదటిసారి సక్కగ చూసినట్టుంది.

"పొద్దుగాల్ల ఏం తిన్నవ్?"

"తిన్ననమ్మా."

"ఏం తిన్నవ్ అంటున్న."

"ఉప్మా."

"రవ్వ అయిపోయి వారమాయె" అన్నది శివమ్మ గడపలకెల్లి. "నన్నే అడిగింది, రవ్వ ఉందా అత్తమ్మా అని. నా కాడ సుత లేకుండె."

నిస్సీ తల దించుకున్నది. నిజమే చెప్పాల్నంటే ముందటి దినం పొద్దుగాల్ల సుత ఏం తినలే. అమ్మకు పెట్టేసరికి సెంటర్ తీసే టైమయితది, సెంటర్ల పడ్డంక యాదికుండదు, సాయంత్రం అమ్మ తిన్నంక అడుగున ఉన్నది గీక్కొని తింటది. ఆకలయితదా అంటే, ఏమో, దాన్ని సుత ఎన్నడు సోంచాయించలే.

హన్నమ్మ దుప్పటి తీసి పారేసింది. రెండు కాళ్లు మంచం మీదికెల్లి కిందికి దించింది. పాదాలు నేలకు ఆనంగనే పండ్లు బిగవట్టింది. "అమ్మా, ఆగు, ఆగు!" అని నిస్సీ ఉరికొచ్చి రెక్క పట్టింది. శివమ్మ లేవబోయి మళ్ల కూసున్నది, తాను లేస్తే హన్నమ్మ యాడ ఆగిపోతదో అని.

"నన్ను పట్టకు" అన్నది హన్నమ్మ. "వాకర్ ఇటు జరుపు. గా తువ్వాలలు తియ్యి ముందుగాల, దేవునికి దండం!"

నిస్సీ తువ్వాలలన్నీ ఒక్కపారే గుంజింది. హన్నమ్మ వాకర్ పట్టుకొని లేచింది. మోకాళ్లు గడగడ వణికినయ్, నడుము మధ్యల వంగింది, మళ్ల నిలవడ్డది. ఒక్క అడుగు. ఊపిరి పీల్చుకున్నది. ఇంకో అడుగు. మంచం కాడికెల్లి పొయ్యి కాడికి పదకొండు అడుగులు. నిస్సీ ఎనుకనే చేతులు చాపుకొని నడిచింది, తాకకుండ. ఏడుస్తుందో నవ్వుతుందో ఆ పిల్లకే ఎరుక లేదు. నడుమల ఒకకాడ హన్నమ్మ ఆగిపోయి కండ్లు మూసుకున్నది. ఇగ పడ్తదనుకున్నరు ఇద్దరు. పడలే.

పొయ్యి కాడ పీట మీద కూలవడ్డట్టు కూసున్నది. చెమటకు రైక మొత్తం తడిసింది. జొన్నపిండి డబ్బా అందుకొని పిండి తీసి నీళ్లు పోసింది. రొట్టె కొడ్తుంటే చేతులల్ల సత్తువ లేక ఒక అంచు మందం, ఒక అంచు పలుచన అయింది. పెనం మీద ఒక పక్క మాడింది. ఇరవై రెండేండ్లు నాలుగు వందల మందికి పెట్టిన మనిషి అట్లాంటి రొట్టె ఎన్నడు చేయలే. దాన్నే పళ్లెంల ఏసి, ఇంత పప్పు పోసి, బిడ్డ చేతుల పెట్టింది.

"నా ముందలనే తిను. ఆఖరి ముక్క దాక చూస్త."

నిస్సీ కింద కూసొని ముక్క తుంచి నోట్ల పెట్టుకున్నది. నీళ్లు తాగి మళ్ల తిన్నది. మాడిన దిక్కు సుత తిన్నది. హన్నమ్మ రెండో రొట్టె పెనం మీద ఏసి, అది పొంగుతుంటే చూసుకుంట కూసున్నది. శివమ్మ గడపల కూసొనే కొంగుతోని కండ్లు ఒత్తుకుంటుంది.

రొట్టె కాలింది. హన్నమ్మ దాన్ని తీసి శివమ్మ దిక్కు చూసింది, బిడ్డ పళ్లెం దిక్కు చూసింది. చెయ్యి అటు పోయింది, ఆగింది. తరువాత మెల్లగ, సిగ్గువడుకుంట, ఎవలనో ఏదో అడగరానిది అడుగుతున్నట్టు అన్నది.

"బిడ్డా, నాకు సుత ఒక పళ్లెం ఇయ్యి. ఆకలైతుంది."